రెండో గదికి వచ్చినవాళ్ళు

మా అన్నయ్య కంపెనీ గురించి మీరు వినే ఉంటారు. ఊరుకాని ఊరు వెళ్ళినప్పుడు లాడ్జీల చుట్టూ తిరగక్కర్లేకుండా ఎవరింట్లోనో ఒక గది ఇప్పిస్తారు. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి గానీ దీని తరహా వేరు. గది ఖాయం కాగానే ఫోనుకి ఒక కబురు వస్తుంది. "మీ అత్తయ్య మీకోసం ఎదురుచూస్తోంది" అనో, "తాళంచెవి మీ బాబాయి దగ్గరుంది" అనో. ఇల్లిచ్చేవాళ్ళు వచ్చేవాళ్ళని వరస కలిపి పిలవాలి. అదే అక్కడి పద్ధతి. ముక్కూమొహం తెలియని పిల్ల గుమ్మంలో అడుగుపెట్టగానే "రా అమ్మాయ్, ముందు కాసిని మంచినీళ్ళు తాగు" అంటారు. జనం దానికి పడి చస్తారు.

ఈ ఆలోచన ఎలా పుట్టిందని ఎవరైనా అడిగితే అన్నయ్య ఒక కథ చెబుతాడు. ఒంటరి కుర్రాడు, ఖాళీ ఇల్లు, తలుపు తట్టిన కొత్తవాళ్ళు, ఆప్యాయత పట్టలేక వాళ్ళని "పిన్నీ, బాబాయీ" అని పిలిచేసిన వైనం. వేదిక ఎక్కి చెబుతున్నప్పుడు ఒకచోట అతని గొంతు పూడుకుపోతుంది. హాల్లో వాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నాకు మాత్రం ముందు ఒళ్ళు మండుతుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ రోజు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. కాలికి సిమెంటుకట్టుతో సోఫాలో కూలబడి అంతా కళ్ళారా చూశాను.

అన్నయ్యంటే మా పెద్దమ్మ కొడుకు. పెద్దమ్మ పోయేసరికి వాడు ఇంకా బళ్ళో చదువుతున్నాడు. వాళ్ళ నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని, పిల్లాణ్ణి ఏం చెయ్యాలా అని తల గోక్కుంటుంటే మా అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసింది. "నాకు ఇద్దరు పిల్లలు" అని అప్పట్నుంచీ అందరికీ చెప్పుకుంది. మా ఇంట్లో వాడి పేరు ప్రొఫెసరు. ప్రతిదానికీ పాఠం చెబుతాడు. బూటు తాడు కట్టుకోవడం నాకు నేర్పడానికి గోడమీద బొగ్గుతో బొమ్మలు గీసి, అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగించుకున్నాడు.

అమ్మ కర్టెన్లు కుట్టేది. పడకగదిలో కిటికీ పక్కన మిషను, చుట్టూ గుట్టలుగా గుడ్డ. నాన్న కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేవాడు. అద్దాన్ని ఫ్రేములో ఇమిడేదాకా సానమీద అంచులు అరగదీయడం ఆయన పని. ఇంటికొచ్చాక మాటలు కూడా అలాగే అరగదీసి, కావలసినంతే బయటికి వదిలేవాడు.

బీమా ఆఫీసులో ఉద్యోగం మానేశానని ప్రొఫెసరు ఒకరోజు భోజనాల దగ్గర ప్రకటించాడు. ఇళ్ళలో ఖాళీగా ఉన్న గదులు, ఊళ్ళలో గది దొరకని మనుషులు, మధ్యలో తన ఆలోచన. చేతులు ఊపుతూ చాలాసేపు చెప్పాడు.

"అంటే లాడ్జీ" అన్నాడు నాన్న.

"లాడ్జీ కాదు బాబాయ్. ఇల్లు!"

"డబ్బు పుచ్చుకుని పడుకోనిస్తే దాన్ని లాడ్జీ అనే అంటార్రా. మనింట్లో మాత్రం వద్దు. మీ పిన్ని మిషను ఎక్కడ పెట్టుకుంటుంది?"

దాంతో వాడు తెలిసినవాళ్ళందరి గుమ్మాలూ ఎక్కి దిగాడు. అందరూ ఆలోచన బ్రహ్మాండం అన్నారు. అందరూ పక్కింటివాళ్ళని అడగమన్నారు. వాడు మొహం వేలాడేసుకుని తిరగడం చూసి అమ్మ, "ఏదో ఒకటి కుదుర్తుందిలేరా, తిండి మానకు" అనేది.

అలాంటి రోజుల్లోనే నేను మా ఆఫీసు మెట్లమీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాను. నేనుండేది వేరే ఊళ్ళో. మా ఆయనది ఊళ్ళుపట్టుకు తిరిగే ఉద్యోగం. నన్ను చూసుకోడానికి అమ్మా నాన్నా ఇద్దరూ వచ్చారు. ఇల్లు ప్రొఫెసరుకి అప్పగించారు. మొక్కలకి నీళ్ళు పొయ్యమనీ, వేళకి తినమనీ చెప్పడం తప్ప అమ్మ వేరే ఏ జాగ్రత్తా చెప్పలేదు. వాడికి చెప్పాల్సిన అవసరం ఏముంది? అది వాడి ఇల్లే.

కట్టు విప్పేదాకా ఉందామనుకున్నారు గానీ, దుకాణంలో పని పేరుకుపోయింది వచ్చెయ్యమని నాన్నకి కబురొచ్చింది. నన్ను ఒంటరిగా వదలడం అమ్మకి ఇష్టం లేక నన్నూ బయల్దేరదీసింది. ప్రొఫెసరుకి ఫోను చేస్తే ఎత్తలేదు. దారిలో మళ్ళీ చేశాం, ఎత్తలేదు. "పడుకుని ఉంటాడు, తిండీతిప్పలూ లేకుండా" అని అమ్మ దారంతా బెంగపడింది.

మధ్యాహ్నం వాలుతుండగా ఇంటికి చేరాం. నాన్న జేబులోంచి తాళంచెవి తీసి పెట్టబోతే అది దూరలేదు. వంగి చూశాడు. తాళం కొత్తది. గొళ్ళెం పైన ఒక చిన్న కాగితం అంటించి ఉంది. "స్వాగతం. బెల్లు ఒక్కసారి నొక్కితే చాలు." ప్రొఫెసరు దస్తూరీ. నాన్న నా వంక చూశాడు, ఒక్కసారే నొక్కాడు.

తలుపు తీసినావిడ ఎవరో మాకు తెలీదు. అరవై దాటి ఉంటాయి. కళ్ళజోడు, చక్కగా దువ్విన తల, భుజం మీద మా అమ్మ తువ్వాలు.

"రండి రండి, రెండో గదికి వచ్చినవాళ్ళేగా? సాయంత్రానికి వస్తారని ఈ ఇంటబ్బాయి చెప్పాడు. మిమ్మల్ని తీసుకురావడానికే స్టేషన్‌కి వెళ్ళాడు, దారిలో మీకు కనబడకుండా తప్పినట్టున్నాడు. కాస్త మెల్లగా మాట్లాడుకుందాం, ఏమనుకోకండి. మావారికి కంటి ఆపరేషనయింది. ఇప్పుడే కన్నంటుకుంది."

నాన్న మెడ సాచి లోపలికి చూశాడు. ఆవిడ వెనక మా పడకగది తలుపు సగం తెరిచి ఉంది. నాన్న మంచం మీద, నాన్న దిండు మీద, కంటికి కట్టుతో ఒక పెద్దాయన నిద్రపోతున్నాడు. అమ్మ మిషను కనబడలేదు.

కేకలు వేద్దామంటే ఎవరి మీద వేస్తాం? ఆవిడ నా చంకకర్ర అందుకుని, నన్ను సోఫాలో కూర్చోబెట్టి, కాలికింద దిండు పెట్టింది. తను బళ్ళో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యానని చెప్పింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. మా గ్లాసులు అవి. గోడమీద మా ఫొటోలు ఉండాల్సినచోట తెల్లటి చదరాలున్నాయి. ప్రతి స్విచ్చు కిందా ఒక కాగితం ముక్క. "ఇది ఫ్యాను." "ఇది నొక్కకండి." నాన్న ఒక్కొక్కటీ చదువుకుంటూ గది చుట్టూ తిరిగాడు.

"అమ్మా, అసలు ఇదీ..." అని అమ్మ మొదలుపెట్టింది. ఆవిడ ఎవరితోనైనా మాట్లాడాలని తహతహలాడుతున్నట్టుంది, అందుకుంది.

"బంగారంలాంటి పిల్లాడండీ. పాపం, నా అన్నవాళ్ళు లేరు. మీరు ఫోన్లో చదివే ఉంటారుగా, ఈ ఇంటి గురించి ఎలా రాసుకున్నాడో. 'ఈ ఇంట్లో నేనొక్కణ్ణే. జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యి వేసేవాళ్ళు లేరు. అందుకే తలుపులు తెరిచి పెట్టాను' అని. అది చదివి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మా ఆడపడుచు ఇల్లు ఈ ఊళ్ళోనే ఉంది. అయినా మావార్ని ఒప్పించి ఇక్కడికే వచ్చాను."

నాకు తల కొట్టేసినట్టయింది. వాడికి టైఫాయిడ్ వచ్చినప్పుడు అమ్మ కుట్టుపని మానేసి మంచం పక్కనే ఉండిపోవడం నాకు తెలుసు. నన్ను పట్టించుకోవడం లేదని ఏడ్చి గోల చేసింది నేనే. కర్ర పట్టుకుని లేవబోయాను. ఆవిడకి మొత్తం విప్పి చెప్పేద్దామని. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"అవును, చదివాం" అంది అమ్మ. "మేం రెండో గదికే వచ్చాం."

ఆ మాటతో మేం మా ఇంట్లో అతిథులమైపోయాం.

నాన్న అమ్మ మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా ఆ వేషం కట్టేశాడు. "బాత్రూము ఎటండీ?" అని అడిగాడు టీచరమ్మని. ఆవిడ చూపించి, "ఆ తలుపు చచ్చినా రాదండీ, నిన్నట్నుంచీ కుస్తీ పడుతున్నాం" అంది. నాన్న భుజంతో ఎక్కడ తోయాలో అక్కడ తోశాడు. అది కిమ్మనకుండా తెరుచుకుంది. ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. "అన్ని ఇళ్ళల్లోనూ తలుపులు ఇలాగే ఏడుస్తాయండీ" అని నాన్న లోపలికి వెళ్ళాడు. వేరే రోజైతే పడీపడీ నవ్వేదాన్ని.

కాసేపటికి ప్రొఫెసరు వచ్చాడు. చేతిలో సంచీ, అందులో కూరగాయలు. కొత్త చొక్కా. "రాలేదండీ వాళ్ళు, స్టేషనంతా వెతి..." అంటూ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎందుకు రాలేదూ, ఇదుగో ఎప్పుడో వచ్చేశారు" అంది టీచరమ్మ నవ్వుతూ. "మీ అతిథులు."

వాడి మొహాన నెత్తుటి చుక్క లేదు.  అమ్మ వాడినే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉందేమోనని నేను వెతికాను. లేదు. పరీక్షహాలు బయట నిలబడి పిల్లాడు ఎలా రాశాడో అని చూసే తల్లి చూపు అది. ఒక్కమాట చాలు. పిన్నీ అంటే చాలు. అప్పుడు టీచరమ్మ ముందు కాస్త నగుబాటు అయ్యేది, అందరం తలవంచుకునేవాళ్ళం, అక్కడితో పోయేది.

వాడు సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ప్రయాణం బాగా జరిగిందా అండీ?" అన్నాడు.

నాన్న సోఫాలోంచి లేచాడు. చిన్నప్పుడు తను వీపుమీద ఎక్కించుకుని మేడ చుట్టూ తిప్పిన పిల్లాడికి నమస్కారం పెట్టాడు. "బాగా జరిగిందండీ. ఇల్లు చక్కగా ఉంచుకున్నారు" అన్నాడు.

నాకు భూమి చీలితే అందులో దూరాలనిపించింది. తప్పు చేసింది వాడు, చెవులు వేడెక్కింది నాకు. వాడు కూరగాయల సంచీ గుండెలకి హత్తుకుని కుక్కిన పేనులా వంటింట్లోకి పోయాడు.

ఆ పూట వంట వాడే చేశాడు. అమ్మ బల్ల దగ్గర కూర్చుని, వాడు వడ్డించేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకునే ఉంది. ఆ ఇంట్లో ఒకరు వడ్డిస్తే అమ్మ తినడం నేను చూడటం అదే మొదటిసారి. కంటికట్టు పెద్దాయన కూడా లేచి వచ్చాడు. కలుపుగోలు మనిషి. నాన్నని మీరేం చేస్తుంటారని అడిగితే నాన్న కళ్ళద్దాల సంగతి చెప్పాడు. "అయితే నాకు కట్టు విప్పాక మీ దగ్గరే చేయించుకుంటా, మీ దుకాణం ఏ ఊళ్ళో?" అన్నాడాయన. దుకాణం రెండు వీధుల అవతల ఉంది. నాన్న దగ్గుతెర తెచ్చుకుని నీళ్ళు తాగాడు.

"వంట భలే చేశావు బాబూ, ఎవరు నేర్పారు?" అంది టీచరమ్మ.

గరిటె పట్టుకున్న వాడి చెయ్యి ఆగింది. "అలా... అలవాటైపోయిందండీ."

"ఉప్పు సరిపోయింది" అంది అమ్మ. అంతే అంది. ఆ ఒక్కమాటకి వాడు తల పక్కకి తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళాడు. నీళ్ళ కుళాయి చాలాసేపు వదిలిన చప్పుడు వినిపించింది.

అసలు రావాల్సినవాళ్ళు ప్రయాణం మానుకున్నారని తరవాత తెలిసింది. రెండో గది అంటే ఒకప్పటి నా గది. అమ్మ మిషను అక్కడే మూలకి నెట్టి, మీద దుప్పటి కప్పి ఉంది. దానిమీద పూలకుండీ. నేను ఇక ఆగలేక గుసగుసగానే రెచ్చిపోయాను. రేపు పొద్దున వాడి సంగతి తేలుస్తానన్నాను. ఆ టీచరమ్మకి అంతా చెప్పేస్తానన్నాను. నాన్న దీపం స్విచ్చు కింద కాగితం చదువుతూ, "ఇలా పైకి అంటే ఆరుతుందిట. ఇన్నేళ్ళూ తెలీక ఎంత అవస్థ పడ్డాం" అన్నాడు. నవ్వించాలని చూశాడు.

"నువ్వెందుకమ్మా ఊరుకున్నావు? వాడి పరువు కోసమా?" అన్నాను.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. తలుపు మీద చిన్న చప్పుడైంది. "పిన్నీ" అన్నాడు బయటినుంచి, వినీ వినపడకుండా.

"పొద్దున మాట్లాడుకుందాం. అవతల పెద్దాయనకి నిద్ర పాడవుతుంది" అంది అమ్మ. కాసేపు వాడి అడుగులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, తరవాత వెళ్ళిపోయాయి.

తెల్లారి వాళ్ళ ప్రయాణం. ఆసుపత్రిలో కన్ను చూపించుకుని అట్నుంచటే ఊరెళ్ళిపోతారు. కింద కారు వచ్చింది. నాన్న పెద్దాయన చెయ్యి పట్టుకుని నెమ్మదిగా లిఫ్టులో దింపాడు. ప్రొఫెసరు సూట్‌కేసు తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాడి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. గడ్డం గీసుకోలేదు.

టీచరమ్మ అమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"మీరింకా ఉంటారుగా. నాదో చిన్న కోరిక. ఈ పిల్లాణ్ణి కాస్త కనిపెట్టి చూడండి. నిన్న రాత్రి నుంచీ దిగులుగా ఉన్నాడు. అడిగితే చెప్పడు. తల్లిలేని బిడ్డ కదా, మీలాంటి పెద్దావిడ దగ్గర కూర్చోబెట్టుకుని ఓ మంచిమాట చెబితే ఊరట పడతాడు."

"అలాగేనమ్మా" అంది అమ్మ.

అప్పుడు వాడు సూట్‌కేసు కింద పెట్టాడు. పెట్టడం కాదు, వదిలేశాడు. అది గుమ్మానికి కొట్టుకుని పక్కకి పడింది.

"టీచరుగారూ, ఈవిడ మా పిన్ని" అన్నాడు. "ఇందాక దిగినాయన మా బాబాయి. నన్ను పెంచింది వీళ్ళే. ఈ ఇల్లు వీళ్ళదే. నేను... నేను రాసిందంతా..."

  నాకు, ఏం చెప్పను, అంత కోపంలోనూ గుండె మీంచి బరువు దిగినట్టయింది. హమ్మయ్య, అన్నాడు. ఆలస్యంగానైనా అన్నాడు. టీచరమ్మ కళ్ళు పెద్దవి చేసి వాణ్ణీ అమ్మనీ మార్చి మార్చి చూసింది. "అవునా అమ్మా?" అంది.

అమ్మ నవ్వింది.

"మమ్మల్ని రాత్రినుంచీ అలాగే పిలుస్తున్నాడమ్మా. ఒంటరివాడు కదా, ఎవరొచ్చినా వరస కలుపుకుంటాడు కాబోలు. పోనిద్దురూ, పిలిపించుకుంటే మన సొమ్మేం పోయింది?"

టీచరమ్మ కళ్ళలోంచి జలజలా నీళ్ళు రాలాయి. వాడి తలమీద చెయ్యి వేసింది. "అయితే నేను నీకు పెద్దమ్మని నాయనా" అంది. వాడు రాయిలా నిలబడ్డాడు. ఆవిడే సూట్‌కేసు లేపుకుని లిఫ్టు ఎక్కింది. వాడు ఇంకోసారి చెప్పినా ఆవిడ నమ్మేది కాదు. ఒంటరితనంతో పిల్లాడికి మతి చలించిందనుకుని ఇంకా జాలిపడేది.

ఆవిడ ఇంటికి చేరగానే ఆ ఇంటి గురించి ఫోన్లో రాసింది. గది శుభ్రంగా ఉంది, నీళ్ళు వేడిగా ఉన్నాయి అని అందరిలా కాదు. బడిపిల్లలకి పాఠం చెప్పిన చేత్తో ఆ గుమ్మం దగ్గర జరిగిందంతా పూసగుచ్చినట్టు రాసింది. వచ్చినవాళ్ళని పిన్నీ బాబాయీ అని పిలుచుకుని ఏడ్చే కుర్రాడి కథ. ఆవిడ శిష్యుల్లో ఒకడు పత్రికలో పనిచేస్తాడట, అచ్చేశాడు. ఆ తరవాత ఇళ్ళిస్తాం అంటూ పక్కిళ్ళవాళ్ళందరూ వాళ్ళంతట వాళ్ళే వచ్చారు. పెట్టుబడి పెట్టేవాళ్ళూ వచ్చారు. వరస కలిపి పిలవడమే మీ కంపెనీకి ప్రాణం అని వాళ్ళే వాడికి చెప్పారు. ఇక వెనక్కి తిరగడానికి వాడికి దారి లేకపోయింది. లేదా వెతకలేదు. ఆ సంగతి వాడికే తెలియాలి. అమ్మని ఏ సభకి రమ్మన్నా రాదు. "నన్నేమని పరిచయం చేస్తావు?" అంటుంది.

కానీ అవన్నీ తరవాతి సంగతులు. ఆ పొద్దున తలుపు మూశాక ఏం జరిగిందో అది చెప్పాలి, ఎందుకంటే అది ఏ పత్రికా వెయ్యలేదు.

అమ్మ తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. డబ్బాలకి అంటించిన కాగితాలు గోటితో పీకడం మొదలుపెట్టింది. ఉప్పు. పంచదార. టీపొడి. నేను కర్రమీద కుంటుకుంటూ వెనకే వెళ్ళాను. వాడు వచ్చి నేలమీద కూలబడ్డాడు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాక కూర్చునేవాడే, అలా, మోకాళ్ళు ముడుచుకుని.

"ముందు ఉన్నదున్నట్టే రాశాను పిన్నీ. మా పిన్ని బాబాయిల ఇల్లని. ఒక్కళ్ళు కూడా రాలేదు. ఒంటరివాణ్ణని మార్చాక వచ్చారు. ఇద్దరు ముగ్గురు రాగానే తీసేద్దామనుకున్నాను. నిన్న మిమ్మల్ని చూడగానే నాలుక మడతపడిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. రాత్రంతా అదే ఆలోచించి, ఏమైతే అయిందని చెప్పేశాను. నువ్వెందుకలా అనేశావు? ఆవిడ ముందు నేను చెడ్డవాణ్ణయితే అయ్యేవాణ్ణి. అంత జరిగాక కూడా నన్ను కాపాడావు."

వాడు ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. ఎంత మనసమ్మా నీది, అనుకున్నాను. ఇంత కడుపుకోత పెట్టినవాణ్ణి కూడా కొంగు చాటున దాచుకుంది అనుకున్నాను. రాత్రంతా అమ్మ మౌనానికి నేను చెప్పుకున్న అర్థం అదే.

అమ్మ చేతిలో ఉన్న డబ్బా కింద పెట్టింది.

"నిన్ను కాపాడ్డానికి కాదురా" అంది.

గొంతులో విసురు లేదు. పొద్దున్నే పాలవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నిన్న ఆవిడ నా ఎదురుగా కూర్చుని నువ్వు రాసింది అప్పజెప్పింది. నీకు జ్వరమొస్తే చెయ్యి వేసేవాళ్ళు లేరని. మా అక్క కొడుకు అలా రాశాడా అనుకున్నాను. వాడు లోపలికి రాగానే పిన్నీ అంటాడు, ఆ రాత ఎవరో గిట్టనివాళ్ళు రాసి ఉంటారు అనుకున్నాను. రాగానే ప్రయాణం బాగా జరిగిందా అండీ అన్నావు. ఇందాక నువ్వు నిజం చెప్పావు, నిజమే. ఆవిడ నావైపు తిరిగి అవునా అమ్మా అని అడిగింది. అవునంటే ఇంకోమాట కూడా ఒప్పుకోవాలి కదా. కడుపు నింపినవాళ్ళు బతికుండగానే లేరని రాసుకున్నవాణ్ణి పెంచింది నేనేనని. నోరు రాలేదురా. నువ్వు నా పిల్లాడివని చెప్పుకోడానికి నాకు సిగ్గేసింది."

కింద కారు బయల్దేరిన చప్పుడు వినిపించింది. అమ్మ మళ్ళీ డబ్బా అందుకుని, సగం చిరిగిన కాగితాన్ని తడిగుడ్డతో తుడవసాగింది. అన్నయ్య తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.